చుట్టానికి వండిన అన్నం

నా పేరు హనుమంతయ్య. పేరుకు తగ్గట్టే హిమాలయాలకు పోయినవాణ్ణి. ఆ హనుమంతుడు ఒక్కసారి పోయి కొండను పెకలించుకొని వచ్చాడు. నేను పదకొండేళ్లు పోయి ఏటా ఒక జలుబు తెచ్చుకున్నాను.

భూటానులో తూర్పు దిక్కున, త్రాషిగాంగ్ దాటినాక ఒక కొండ భుజం మీద ఉండే బడిలో సైన్సు పంతుల్ని. బెంగుళూరులో రైలెక్కితే గౌహతికి మూడు రోజులు, ఆపైన కొండబస్సులో రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో తిన్నది కడుపులో ఉంచుకున్నవాడే అక్కడ పంతులుగా పనికొస్తాడు. ఆ బడులకు ఎండాకాలం సెలవులు ఉండవు. డిసెంబరు నడిమిలో మూసి ఫిబ్రవరి నడిమిలో తెరుస్తారు. అందుకని లోకంలో పంతుళ్లందరూ మామిడిపండ్ల కాలంలో ఇల్లు చేరితే నేను అనపకాయల కాలంలో చేరేవాణ్ణి. కృష్ణగిరి మామిడితోటల పక్కన పుట్టి, పదకొండేళ్లు ఊరగాయలోనే మామిడికాయ మొహం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

తొంభై తొమ్మిది డిసెంబరులో హోసూరు బస్టాండులో దిగాను. మా అన్న ముత్యాలప్ప మోపెడ్‌తో కాచుకొని ఉన్నాడు. ఏటా ఒక పెట్టె తెచ్చేవాణ్ణి. ఈసారి రెండు.

"ఏమిరా హనుమంతా, ఈ తూరి రెండు పెట్టెలా? సంజీవని దొరికిందా ఏమి?"

"దొరికిందన్నా. అది యే ఆకో తెలీక కొండనే పెట్టెలో ఏస్కొనొచ్చినా."

బస్టాండులో నలుగురు తిరిగి చూశారు. నా గొంతు చిన్నప్పటినుంచీ మైకు అడగదు. అన్న నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆ నవ్వు ఆగినాక చెబుదామనుకున్నాను. అది ఆగేలోపు మోపెడ్ కదిలింది.

రెండో పెట్టెలో ఏముందంటే, నా రజాయి, నా టీ కెటిలు, డస్టరు, అలారం గడియారం. పది చలికాలాలు అవి అక్కడే నా గదిలో, తాళం వెనకాల నిద్రపోయేవి. ఈసారి గదికి తాళం వేయలేదు. తాళంచెవి ఇచ్చేసి వచ్చాను.

నవంబరులో హెడ్మాష్టరు పిలిచి, కుంపటి పక్కన కూర్చోబెట్టి, టీ ఇచ్చి, తర్వాత కాగితం ఇచ్చాడు. వాళ్ల పిల్లలే చదువుకొని పంతుళ్లవుతున్నారు, ఇక బయటివాళ్లతో పని లేదు. న్యాయమే. నా కుర్చీలోకి వచ్చిన కుర్రవాడి పేరు కర్మ. నిజంగానే ఆ దేశంలో అది పేరు. ఎవరి కర్మ అని అడక్కండి, నా కర్మే. ఆరో తరగతినుంచి నేను చదువు చెప్పిన కర్మే. వచ్చి నా కాళ్లకు మొక్కి, రిజిస్టరు తీసుకున్నాడు. ఏటా నాకు సెలవులు ఇచ్చేవాళ్లు. ఆ ఏడు చివరి అక్షరం కోసేసి సెలవు ఇచ్చారు.

కాగితం స్వెటరు లోపలి జేబులో ఉంది. దాన్ని ఇంట్లోవాళ్ల ముందు బయటికి తీయడం ఎంతసేపు పని? ఆ చలికాలమంతా చాలలేదు.

మా ఊరు జవళగిరికి కొంచెం ఇవతల. ఇల్లు రాకముందే బియ్యం ఉడికే వాసన వచ్చింది. మా వైపు ఇంట్లోవాళ్లు తినేది రాగి ముద్ద. వచ్చినవాళ్లకు వండేది అన్నం. పళ్లెంలో ఏముందో చూస్తే చాలు, కూర్చున్నవాడు ఇంటివాడా, దిగి పోయేవాడా అని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. నేను భూటానుకు పోయిన మొదటి ఏడు సెలవులకు వచ్చినప్పుడే నా భార్య నాకు అన్నం వడ్డించింది. ఊరంతా ఆమెను గంగక్క అంటుంది, నేను గంగ అంటాను. "ముద్ద పెట్టవే" అంటే ముద్దు పెట్టమన్నట్టు మొహం తిప్పుకొంది.

"రెండు నెల్లుండి పొయ్యేటోళ్లకి ముద్ద పెడితే ఊరోళ్లు నన్ను ఉమ్మరా?"

అప్పటినుంచి పదకొండు చలికాలాలు అన్నమే. నేనూ గొప్పగానే తిన్నాను. ఊళ్లో నన్ను భూటాను మేష్ట్రు అనేవాళ్లు. సొంత ఇంట్లో రెండు నెలలు పెళ్లికొడుకు మర్యాద. ఎవడికి చేదు?

ఆ రోజూ పళ్లెంలో తెల్లగా అన్నం పడింది. మంచం ఎప్పటిలాగే మంచి గదిలో వేశారు. ఆ గది సంగతి చెప్పాలి. సిమెంటు నేల, కిటికీలకు వల, ఇంట్లో అదొక్కటే గది అనదగ్గది. నేను లేని పది నెలలూ అందులో పట్టుపురుగులు ఉంటాయి. గంగ, పదో తరగతి చదివే మా చైత్ర కలిసి పెంచుతారు. ఇంటికి పెంకులు పోయి మిద్దె వచ్చింది నా భూటాను వల్ల అనుకునేవాణ్ణి. పురుగుల వల్ల అని ఊరు అనుకునేది. నేను వచ్చేముందు ఒక పంట ఆపి, తట్టలు బయటపెట్టి, బ్లీచింగు పొడితో గది కడిగి, నాకు ఇస్తారు.

పెట్టెలు లోపలికి చేర్చేసరికి చైత్ర గుమ్మంలో ముక్కు ఎగరేసింది.

"నాయినా, పొగ వాసన వస్తాంది."

"స్వెటరమ్మా. కుంపటి పక్కన పదకొండేండ్లు కాగిన స్వెటరు."

"పురుగులకి పొగ ఆగదు. బయట ఆరేస్తా ఉండు."

"నేనుండాను గానీ, పురుగులు యాడుండాయే ఇప్పుడు?"

నేను పెద్దగా నవ్వాను. గంగ పెట్టెల వైపు చూసి, రెండోదాన్ని కాలితో మంచం కిందికి తోసింది. "బరువుగా ఉందే" అంది.

"పుస్తకాలు" అన్నాను.

*

మా ఇంట్లో చలికాలం అంటే పితికిపప్పు. చిక్కుడుజాతి అనపగింజలు రాత్రే నానబోసి, పొద్దున్నే వసారాలో చుట్టూ కూర్చొని ఒక్కొక్క గింజనూ వేళ్లమధ్య పిసికితే, పొట్టు చేతిలో ఉండి పప్పు గిన్నెలోకి ఎగురుతుంది. గంట పిసికితే పిడికెడు. ఆ పనికి కథలు చెప్పేవాడు కావాలి. ఏటా ఆ ఉద్యోగం నాదే.

"అక్కడ మిరపకాయ తాలింపులో వేసేది కాదన్నా, అదే కూర. మిరపకాయలూ, జున్నుగడ్డా కలిపి ఉడకబెడతారు. మొదటి దినము తిని నేను ఏడిస్తే, పంతులు మన దేశాన్ని చూసి కరిగిపోయినాడనుకొన్నారు."

ముత్యాలప్ప పడీ పడీ నవ్వాడు. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్క కట్టె తెచ్చి తరగతి కుంపటిలో వేయడం చెప్పాను. నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుందనే పాఠానికి నా స్నానం బకెట్టే ప్రయోగశాల అని చెప్పాను. మోకాళ్లదాకా అంగరఖా కట్టి, మేజోళ్లు లాగి, ముప్పైమంది నిలబడి గుడ్ మార్నింగ్ చెబితే ముప్పై నోళ్లలోంచి ఆవిరి లేవడం చెప్పాను. అది ముప్పై కెటిళ్లు ఒక్కసారి మరిగినట్టు ఉండేది.

ఆదివారాల సంగతి చెప్పలేదు. ఆదివారం బడి ఉండదు, మంచు కిటికీదాకా ఉంటుంది. కెటిలు మరిగే చప్పుడు తప్ప పొద్దుగూకేవరకు ఇంకో గొంతు వినబడదు. నా జోకు నేనే గట్టిగా చెప్పుకొని, గోడ నవ్వుతుందేమోనని చూసిన రోజులున్నాయి.

"నాయినా, ఎప్పుడు పోతావు?" అంది చైత్ర, గింజ పిసుకుతూ.

"ఏం పాపా, తోలుతాండావా?"

"అట్ల కాదు నాయినా. ఫిబ్రవరి పదునాలుగుకి పురుగులొస్తాయి. రూము కడగల్ల, సున్నం కొట్టల్ల, రెండు దినాలు ఆరల్ల. దానికి అడిగినా."

ఇప్పుడు చెప్పాలి. అందరూ ఉన్నారు, ఎండ ఉంది, చేతులకు పని ఉంది. కానీ నాలుకకు పదకొండేళ్ల అలవాటు ఉంది.

"పన్నెండుకి పోతానమ్మా."

గంగ వేళ్లలో గింజ ఆగింది. "పన్నెండు శనివారం గదా. టికెట్టు అయిందా?"

"అయింది."

"యాడ తీసినారు?"

"గౌహతిలో, వచ్చేటప్పుడే."

ఆమె గింజ పిసికింది. పప్పు గిన్నెలో పడకుండా ఎగిరి నేలమీద పడింది. "మంచిదే" అంది, తీసుకొని కడిగి వేసింది.

చెప్పిన రెండు అబద్ధాల్లో ఏది పెద్దదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మధ్యాహ్నం పితికిపప్పు చారు అన్నంలో పోసుకొని తింటుంటే, ఎదురుగా వాళ్లిద్దరి పళ్లేల్లో ముద్దలు పొగలు కక్కుతున్నాయి. పట్టుపురుగులకు తేదీ ఉంది, గది ఉంది, ఆకు ఉంది. పేరులోనే పట్టు ఉంది. నాకే పట్టు చిక్కలేదు.

*

జనవరి చివర్లో ఒక రోజు, పాత స్నేహితుణ్ణి చూడాలని చెప్పి కృష్ణగిరి బస్సెక్కాను. హైవే పక్కన ఒక ఇంగ్లీషు మీడియం బడి, పంతుళ్లు కావాలని పేపర్లో వేసింది. కరస్పాండెంటుకు ముప్పై ఐదు దాటవు. నా అర్జీ చదివి లేచి చేయిచ్చాడు.

"పదకొండేండ్లు ఫారిన్ ఎక్స్‌పీరియన్సు అని రాసినారే! యే దేశం సార్?"

"భూటాను."

"ఓ." చేయి వదిలేశాడు. "బస్సులో పొయ్యే ఫారినా."

అతనికంటే నేనే గట్టిగా నవ్వాను. నా జీవితంలో ఇంకొకడు వేసిన మంచి జోకుకు నవ్వకుండా ఉండలేదు.

"క్లాసు తీసి చూపిస్తారా సార్? ఏడో తరగతి."

తీశాను. నీరు గడ్డకట్టడం చెప్పాను. బకెట్టు జోకు ఇంగ్లీషులో వేశాను. నలభైమంది పిల్లలు నా నోటివైపు చూశారు, తర్వాత కిటికీ బయట ఎండవైపు చూశారు. భూటాను పిల్లలకూ నా జోకులు సగం అర్థమయ్యేవి కావు. కానీ నా గొంతుకే నవ్వేవాళ్లు. అంత గొంతు ఒక మనిషిలో ఉన్నందుకు నవ్వేవాళ్లు.

"బాగా చెప్తారు సార్," అన్నాడు కరస్పాండెంటు, వాకిట్లోకి వస్తూ. "వయసే కొంచెం… మేమంతా చిన్నోళ్లం. మీకు జాబు రాస్తాము."

నెల గడిచినా ఆ జాబూ రాలేదు, ఈ జాబూ రాలేదు.

బస్టాండులో మారియప్ప అనే ఆయన టీకొట్టు ముందు కూలబడ్డాను. నా మొహం చూసి అడగకుండానే చక్కెర ఎక్కువ వేశాడు.

"ఏమప్పా, ఏ బస్సుకు?"

"హోసూరు."

"రెండు పోయినాయే నీ ముందరే. చూళ్లేదా?"

చూశాను. రెండూ పోతుంటే చూస్తూ కూర్చున్నాను. మూడోదానికి ఆయనే చేయి పట్టి లేపి పంపాడు.

ఇల్లు చేరేసరికి గంగ వాకిట్లో మల్బరీ కట్టెలు కట్ట కడుతోంది.

"స్నేహితుడు ఎట్లుండాడు?"

"ఉండాడు. ముసిలోడైపోయినాడు."

"పని చేస్తాండాడా?"

"ఎతుకుతాండాడు."

కట్ట ముడి బిగించి, తల ఎత్తకుండా అంది. "ఇంట్లో చెప్పి ఎతకమనండి ఆయన్ని. ఒక్కడే యాడని ఎతుకుతాడు?"

నేను కాళ్లు కడుక్కున్నాను. ఆమె అన్నం పెట్టింది. తిన్నాను.

*

ఫిబ్రవరి పన్నెండు వచ్చింది. పొద్దున తొమ్మిదికే ముత్యాలప్ప మోపెడ్ వాకిట్లో గుర్రుగుర్రుమంటోంది. చైత్ర ఓణీ కొంగు దోపుకొని, బకెట్టులో బ్లీచింగు పొడి కలుపుకొని గుమ్మంలో నిలబడింది. నేను గడప దాటితే కడగడమే తరువాయి.

యాడికి పోతున్నానో నాకే తెలియదు. బెంగుళూరుదాకా పోదాం, అక్కడ ఏదో ఒక బడి, ఏదో ఒక గది చూసుకొని, అక్కడినుంచే ఉత్తరం రాద్దాం అనుకున్నాను. ఎదురుగా చెప్పలేనిది ఉత్తరంలో చెప్పడం నాకు అలవాటే. భూటానునుంచి వచ్చే ఉత్తరానికి ఇరవై రోజులు పట్టేది. ఏ సంగతైనా అంత దూరం నడిచేసరికి దాని పదును పోయేది.

స్వెటరు పెట్టడానికి మంచం కింద రెండో పెట్టె లాగి మూత తీశాను.

రజాయి ఎండ వాసన వేసింది.

నేను పెట్టినప్పుడు అది పదకొండేళ్ల పొగ. ఇప్పుడు ఉతికి, ఎండలో ఆరి, నాలుగు మడతలుగా, మడతకొక వేపాకు రెమ్మతో ఉంది. కెటిలుకు అడుగున పట్టిన మసి లేదు. ఇసకతో తోమిన గీతలు మెరుస్తున్నాయి. అలారం గడియారానికి ఎవరో తాళం ఇచ్చారు, అది తిరుగుతోంది. దాని పక్కన, స్వెటరు జేబులో ఉండాల్సిన కాగితం, మడత నలగకుండా పెట్టి ఉంది.

"తినేసి పోదురు, రాండి," అని పిలిచింది గంగ.

పోయి పీట మీద కూర్చున్నాను. పళ్లెం వచ్చింది. పళ్లెంలో ముద్ద.

గుండ్రంగా, నల్లగా, తడిచేత్తో నునుపు చేసిన గుర్తులతో. పక్కన ఉలవచారు. ఎదురుగా కూర్చున్న ఆమె పళ్లెంలోనూ అదే, అంతే.

"ఎప్పుడు చూసినావు?" అన్నాను. నా గొంతు మైకు కావాల్సినంత చిన్నగా వచ్చింది.

"వచ్చిన రెండో దినమే. పొగ వాసన స్వెటరుది కాదు. పదేండ్లుగా పురుగులు సాకుతాండా, నాకు తెలీదా యే వాసన యాడిదో." చారు పోసింది. "తిరిగి పొయ్యేటోడు రజాయి యెత్తుకొస్తాడా? ఆ పైన మీరు కృష్ణగిరికి పోయిన దినము చైత్రతో కాగితం చదివించినా."

"మరి రెండు నెలలూ అన్నమే పెట్టినావే?"

"మీరు చెప్పేదాకా చుట్టమే గదా. ఈపొద్దు చెప్తారు, రేపు చెప్తారు అని చూసినా." ఆమె చారు గిన్నె కింద పెట్టింది. "చెప్పకుండానే పెట్టె ఎత్తుతాండారు. యాడికి పోతాండారు?"

ఏ ప్రశ్నకైనా నా దగ్గర ఒక మాట విరుపు ఉంటుంది. ఈసారి దాన్ని వెతక్కుండా పళ్లెం దగ్గరికి లాక్కున్నాను.

వాకిట్లోంచి ముత్యాలప్ప లోపలికి వచ్చాడు. "ఏమిరా, టైమాయె, బస్సు…" అంటూ నా పళ్లెం చూశాడు. ముద్దను చూశాడు. గంగను చూశాడు. నోట్లో ఉన్న మిగతా మాట మింగేసి వెనక్కి తిరిగాడు. మోపెడ్ ఆపిన చప్పుడు, దాన్ని స్టాండు వేసిన చప్పుడు వినబడ్డాయి.

ముద్ద తుంచి నోట్లో పెట్టుకొని నమిలాను. పండ్లకు అంటుకుపోయింది.

"నమలగూడదు నాయినా, మింగల్ల," అంది చైత్ర గుమ్మంలోంచి. నవ్వలేదు. బకెట్టు ఇంకా చేతిలోనే ఉంది. నేను గది ఖాళీ చేసినట్టా, చేయనట్టా అని దాని మొహంలో ఉంది.

గంగ దాన్ని చూసి, నన్ను చూసి అంది. "రూము మాత్రం పురుగులకే. గుడ్లకి చెప్పేసినాం, ఇంక నిలపడానికి లేదు. మీకు వసారాలో మంచం ఏస్తాం."

తల ఊపాను. మింగాను. చైత్ర గది కడగడం మొదలుపెట్టింది.

*

పదునాలుగున పురుగులు వచ్చాయి. మొదట్లో వెంట్రుకలంత, తర్వాత చిటికెనవేలంత. నేను ఆకు తరుగుతాను, తట్టల్లో పరుస్తాను. వేల నోళ్లు ఒక్కసారి ఆకు కొరుకుతుంటే సన్నటి వాన కురిసినట్టు ఉంటుంది. పరీక్ష రోజున తరగతిలో ఇలాంటి చప్పుడే ఉంటుంది. ఆ గదిలో గట్టిగా మాట్లాడకూడదు, పురుగులు బెదిరి మేత మానేస్తాయంటుంది గంగ. నిజమో కాదో సైన్సు పంతుల్ని, నాకు తెలియదు. రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆమె పెదవులమీద వేలు పెట్టింది. మూడోసారి తెరవలేదు.

ఊళ్లో కొన్నాళ్లు భూటాను మేష్ట్రు అన్నారు. తర్వాత భూటాను పడిపోయింది, ఇంకొన్నాళ్లకు మేష్ట్రు కూడా పడిపోయింది. గంగక్క మొగుడు మిగిలాడు.

మార్చిలో ఒక మధ్యాహ్నం గంగ మేనమామ చెన్నప్ప, ఆయన కొడుకు కృష్ణగిరి పక్క పోచంపల్లి సంతకు పోయి వస్తూ మా ఇంట్లో దిగారు. వసారాలో నా మంచం మీదే కూర్చోబెట్టాను. నేను పక్కన కింద కూర్చున్నాను.

"ఏమప్పా, నీ భూటాను కథలు చెప్పు. మిరపకాయ కూర కథ చెప్పు," అన్నాడు చెన్నప్ప.

చెప్పాను. మెల్లిగానే చెప్పాను, లోపల పురుగులున్నాయి. అయినా ఇద్దరూ బాగా నవ్వారు. లోపలినుంచి బియ్యం కడిగే చప్పుడు వినబడింది. ఆ చప్పుడుకు ఒక్క క్షణం నా వీపు నిటారయింది. పాత అలవాటు.

"చైత్రా, అన్నం ఎంతమందికే?" అని పొయ్యి దగ్గరనుంచి గంగ అడిగింది.

చైత్ర గుమ్మంలోకి వచ్చి, వసారాలో కూర్చున్న మా ముగ్గురినీ చూసింది.

"ఇద్దరికమ్మా," అంది.